శనివారం ధర్నా: బస్సు పొద్దున 6కే

సార్లు, మేడమ్‌లు అందరికీ నమస్కారం.

రెండో శనివారం హైదరాబాద్ ఇందిరా పార్క్ ధర్నా చౌక్‌కు వెళ్తున్నాం. ఎమ్మార్సీ (మండల విద్యా వనరుల కేంద్రం) గేటు దగ్గర బస్సు పొద్దున 6కే కదులుతుంది. ఒక్కరి కోసం అందరం ఆగేది లేదు!

2023 జూలై 1 నుంచి అమలు కావాల్సిన పీఆర్సీ (వేతన సవరణ), పెండింగ్ డీఏలు (కరువు భత్యం), సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్) రద్దు ఎలాగూ అడుగుతాం. ఈసారి స్కూల్ గ్రాంటు సంగతీ గట్టిగా అడగాలి. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25 వేలు. సుద్దముక్కలు, చీపుర్లు, బోరు మోటారు రిపేరు అన్నీ అందులోనే అంటే ఎట్లా?

జేబులోంచి పెట్టిన ఖర్చుల బిల్లులుంటే ఫొటో తీసి నాకు విడిగా పంపండి. వినతిపత్రానికి జతచేద్దాం.

వచ్చేవాళ్లు గురువారం రాత్రిలోగా పేరు, స్కూలు ఈ గ్రూపులో పెట్టండి. ఛార్జి 300. టిఫిన్ బస్సులోనే, నీళ్ల సీసా ఎవరిది వాళ్లే.

అప్పటిదాకా గుడ్ మార్నింగ్ ఫొటోలు ఆపండి, పేర్లు పైకి పోయి దొరకట్లేదు 🙏