ఒక హత్య, రెండొందల దొంగతనాలు

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. "నేరాలు తగ్గాయని లెక్కలు చెబుతున్నాయి, మా ఆవిడేమో చీకటి పడితే తలుపు తియ్యనివ్వట్లేదు, ఎవర్ని నమ్మమంటావు?" అని అడిగావు. ఫోన్లో తేల్చేద్దామనుకున్నాను కానీ ఇది అంత తేలిగ్గా తెగే వ్యవహారం కాదు. తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, నువ్వూ తీరిగ్గా చదువు. ముందే చెబుతున్నా, నేను సగం మీ ఆవిడ పార్టీయే.

తిరకాసంతా లెక్కపెట్టే తీరులో ఉందిరా. మామూలుగా నేరాల రేటు అంటే, ఏడాదిలో పోలీసుల దాకా వచ్చిన కేసులన్నీ కూడేసి లక్ష మంది జనాభాకి ఇన్ని అని చెప్పడం. అందులో హత్య ఒకటి, ఎవడో గోడ మీద రంగు కొట్టి పారిపోయింది కూడా ఒకటే. ఎక్కడ చూసినా చిల్లర కేసులే ఎక్కువ కదా, కాబట్టి ఆ రేటుని పైకీ కిందికీ ఆడించేవి అవే. సైకిల్ దొంగలు ఓ ఏడాది చల్లబడితే నేరాలు తగ్గినట్టే. అదే ఏడాది కత్తిపోట్లు పెరిగినా ఆ గుంపులో కనబడవు.

ఈ బాధ పడలేక కెనడా గణాంక సంస్థ స్టాటిస్టిక్స్ కెనడా 2009లో నేర తీవ్రత సూచీ అని ఒకటి తెచ్చింది. ప్రతి నేరానికీ ఒక బరువు కట్టి, కేసుల సంఖ్యని ఆ బరువుతో గుణించి, అన్నీ కూడి, జనాభాతో భాగిస్తారు. 2006 నాటి స్థాయిని 100 అనుకుని మిగతా ఏళ్లని దానితో పోలుస్తారు. మొదట్లో బయటపెట్టిన బరువులు చూస్తే నాకు భలే సరదా వేసింది. గంజాయి దగ్గర పెట్టుకుంటే 7 (అప్పటికి అది అక్కడ నేరమే, 2018లో చట్టబద్ధం చేశారు). 5,000 డాలర్లు దాటని దొంగతనానికి 37. ఇంట్లో చొరబడితే 187. దోపిడీకి 583. హత్యకి 7,042!

కాలిక్యులేటర్ తీసి కాసేపు ఆడుకున్నాను. ఒక ఊళ్లో 200 చిల్లర దొంగతనాలు తగ్గి, ఒక్క హత్య పెరిగిందనుకో. నేరాల రేటు దబ్బున పడిపోతుంది, అధికారులు చంకలు గుద్దుకుంటారు. సూచీలో అయితే తగ్గింది 7,400, పెరిగింది 7,042. అంటే దాదాపు ఉన్నచోటే ఉంది. మీ ఆవిడ భయం దీనికే దగ్గరగా ఉంటుంది, చూడు.

ఈ బరువులు ఎవరు కట్టారు అంటావా? కోర్టులు. దోషులుగా తేలినవాళ్లలో ఎందరిని జైలుకి పంపారు, సగటున ఎన్నాళ్లకి పంపారు, ఆ రెండూ గుణిస్తారు. ఐదేళ్లకోసారి మళ్లీ సరిచూస్తారు. దీనికి ముందు జనాన్నే అడిగిన పద్ధతి ఒకటుంది. థోర్‌స్టెన్ సెల్లిన్, మార్విన్ వుల్ఫ్‌గ్యాంగ్ అనే ఇద్దరు నేరశాస్త్రవేత్తలు 1964లోనే జడ్జీల చేత, పోలీసుల చేత, విద్యార్థుల చేత నేరాలకి మార్కులు వేయించారు. తర్వాత 1977లో అమెరికాలో దాదాపు 60,000 మందిని అడిగారు. జనం ఉండే భవనంలో బాంబు పెట్టి 20 మందిని చంపితే 72.1 వచ్చింది. పదహారేళ్ల లోపు పిల్లాడు బడి ఎగ్గొడితే 0.2. మన ఇద్దరి పేరన ఎన్ని 0.2లు జమయ్యుండేవో!

కోర్టు బరువులు నాకు పూర్తిగా నచ్చలేదు. జడ్జీలు ఏదైనా నేరాన్ని తరతరాలుగా తేలిగ్గా తీసుకుంటూ వస్తే, ఆ తేలికతనం యథాతథంగా సూచీలోకి దిగుతుంది. పైగా దోపిడీ అంటే అన్ని దోపిడీలకీ ఒకటే బరువు. మెడ మీద కత్తి పెట్టినా, బెదిరించి టోపీ లాక్కున్నా అదే 583. అయినా అన్నిటినీ ఒకటే అనడం కంటే ఇది నయం.

కానీ అసలు బెంగ అది కూడా కాదు. బరువు ఎంత బాగా కట్టినా, తక్కెడలోకి రానిదాన్ని తూచలేం కదా. కెనడాలోనే 2019లో జనాన్ని నేరుగా అడిగి చూస్తే, తమకి జరిగిన నేరాల్లో పోలీసులకి చెప్పినవి 29 శాతమే అని తేలింది. లైంగిక దాడుల్లో అయితే 6 శాతం. చెప్పినవాటికి కూడా దిక్కులేదు. 2017లో గ్లోబ్ అండ్ మెయిల్ పత్రిక తవ్వి తీస్తే, ఐదు లైంగిక దాడి ఫిర్యాదుల్లో దాదాపు ఒకదాన్ని పోలీసులు నిరాధారమని పక్కన పెట్టేశారని బయటపడింది. మరుసటి ఏడాదే ఆ నమోదు నిబంధనలు మార్చాల్సి వచ్చింది. కాబట్టి ఆ నేరాల అంకె పెరిగితే వెంటనే గుండెలు బాదుకోకు. చెప్పుకునే ధైర్యం పెరిగినా అంకె పెరుగుతుంది.

నా ఫోన్ సంగతి నీకు చెప్పలేదు కదూ. బస్సు దిగేటప్పుడు జేబులోంచి లాగేశారు. వాడి వేళ్లు తగిలాయి కూడా, తిరిగి చూసేసరికి మాయం. స్టేషన్‌కి వెళ్తే కానిస్టేబుల్ గారు మర్యాదగా కుర్చీ వేసి, నేను చెప్పిందంతా తలూపుతూ విని, కాగితం మీద "ప్రయాణంలో పోగొట్టుకున్నాను" అని రాసి సంతకం పెట్టమన్నారు. "పోగొట్టుకోలేదండీ, కొట్టేశారు" అన్నాను. "ఇన్సూరెన్స్‌కి ఇదే చాలండీ, ఎందుకు టెన్షన్" అన్నారు. పెట్టేశాను. సిగ్గుపడాల్సిన విషయమే. బరువు 37 అయినా 7,042 అయినా సున్నాతో గుణిస్తే ఏమొస్తుంది?

తేదీలతో కూడా చిక్కే. హత్యని జరిగిన ఏడాదిలో కాక, పోలీసులకి తెలిసిన ఏడాదిలో రాస్తారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో పాత ఏళ్లలో జరిగిన 15 హత్యలు ఒకేసారి 2002 లెక్కలో పడ్డాయి. చిన్న ఊళ్లయితే మరీ ఘోరం. నాలుగు వేల మంది ఉన్నచోట ఒక్క హత్య జరిగినా ఆ ఏడాది సూచీ ఆకాశానికి అంటుతుంది, మరుసటి ఏడాది దభేలున పడుతుంది. ఊరు మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది.

అందుకని నువ్వో పని చెయ్యి. నీకు దొరికిన ఆ లెక్కలో మొత్తం అంకె వదిలేసి, హింసాత్మక నేరాలు విడిగా ఇచ్చారేమో చూడు. ఒక ఏడాదివి కాదు, కనీసం ఐదేళ్లవి తీసి పంపు. హత్యలూ వాహన దొంగతనాలూ వేరుగా రాయి, వాటిని దాచడం కాస్త కష్టం. ఈ ఆదివారం ఫోన్ చేసి ఇద్దరం కలిసి గుణిద్దాం. అప్పటిదాకా చీకటి పడ్డాక తలుపు తియ్యకు, మీ ఆవిడ మాట విను.

నీ
రాము