వైబ్రాఫోన్ ‘ఇనుప జైలోఫోన్’ కాదు

సంపాదకులకు నమస్కారం.

జపాన్ వైబ్రాఫోన్ (లోహపు పలకలను కొట్టి వాయించే వాద్యం) కళాకారుడు మసయోషి ఫుజిత గురించి ఆదివారం సంచికలో వేసిన వ్యాసం సంతోషం కలిగించింది. కానీ అందులో వైబ్రాఫోన్‌ను ‘ఇనుప జైలోఫోన్’ అన్నారు. దాని పలకలు ఇనుమువి కావు, అల్యూమినియం మిశ్రమానివి. మామూలు వాద్యంలో 37 పలకలు, మూడు స్థాయిలు ఉంటాయి. ఆ లోహం ఏమిటో తెలియకపోతే ఫుజిత ప్రయాణమే అర్థం కాదు.

జైలోఫోన్ పలకలు కర్రవి, వాటి నాదం కొట్టగానే ఆగిపోతుంది. అల్యూమినియం పలక సెకన్ల తరబడి మోగుతుంది. అందుకే కింద పెడల్ పెట్టారు. తొక్కితే మెత్తటి ఉన్ని (ఫెల్ట్) పట్టీ పలకలను వదిలేస్తుంది, కాలు తీస్తే మళ్లీ ఆనుకుని నాదాన్ని ఆపేస్తుంది. కాలు తీయడం కాస్త ఆలస్యమైనా పాత కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుంపు) కొత్తదానిలో కలిసి కలగాపులగం అవుతుంది. ఒక్క స్వరాన్నే ఆపాలంటే పెడల్ చాలదు, అది అన్నిటినీ ఆపేస్తుంది. ఒక మాలెట్‌ను (వాయించే పుల్లను) మోగుతున్న పలకపై అదిమి, అదే క్షణంలో ఇంకో మాలెట్‌తో తర్వాతి స్వరం కొట్టాలి. జాజ్ వాయించేవారికి ఏళ్లు పట్టేది ఇక్కడే.

వైబ్రాఫోన్‌లోని మోటారు వల్ల శ్రుతి ఊగుతుందని వ్యాసంలో అన్నదీ పొరపాటే. పలకల కింద నాదాన్ని పెంచే గొట్టాల మూతుల్లో, మోటారు తిప్పే బిళ్లలు తిరుగుతూ వాటిని మూసి తెరుస్తాయి. ప్రధానంగా హెచ్చేదీ తగ్గేదీ నాదం తీవ్రతే, శ్రుతి కాదు. దాన్ని మన గమకంతో పోల్చకూడదు. అన్నిటికన్నా కింది స్వరానికి, అంటే దాదాపు 175 హెర్ట్జ్‌కి, గొట్టం లోపలి లోతు సుమారు 49 సెంటీమీటర్లు ఉండాలి. చలి హాల్లో గొట్టంలోని గాలి శ్రుతి దిగుతుంది, పలక శ్రుతి దాదాపు కదలదు. రెండూ పొసగక నాదం పలచబడుతుంది.

ఫుజిత మొదట డ్రమ్స్ వాయించారు, తర్వాత వైబ్రాఫోన్‌కు వచ్చారు. బెర్లిన్‌లో 13 ఏళ్లు ఉన్నారు. పలకల మీద రేకు, లోహపు ముక్కలు పెట్టి వాయించడంతో ఆయన పేరు వినిపించింది. ఇది వినడానికి సులువే, చేయడానికి కాదు. పలక నడుమ ఎక్కువగా కంపిస్తుంది, అక్కడ బరువు పెడితే గొంతు నొక్కేసినట్టే. పలకను మోసే దారం దూరే రంధ్రాల దగ్గర, అంటే చివరి నుంచి పొడవులో సుమారు 22 శాతం దూరంలో, కంపనం దాదాపు ఉండదు, అక్కడ పెట్టిన రేకు ఊరికే పడుంటుంది. ఈ రెండింటి మధ్య వదులుగా ఉంచితేనే గలగలమంటుంది. టేపుతో బిగిస్తే ఆ చప్పుడూ పోతుంది.

జపాన్ తిరిగి వెళ్లాక, 2021లో వచ్చిన ‘బర్డ్ ఆంబియెన్స్’ ఆల్బమ్‌లో ఆయన మారింబాను (కర్ర పలకల వాద్యాన్ని) ముందుకు తెచ్చారు. దీన్ని వ్యాసం ‘వాద్యం మార్చారు’ అని ఒక్క మాటలో దాటేసింది. మామూలు మారింబాకు పెడల్ ఉండదు. కర్ర పలక నాదం త్వరగా ఆరిపోతుంది, సాగదీయాలంటే మాలెట్లను ఆపకుండా ఆడించాలి. ఇన్నేళ్లూ మోగేదాన్ని ఆపడం సాధన చేసిన చేతులు ఆగిపోయేదాన్ని నిలబెట్టడం మొదలుపెట్టాయి. మీ పాఠకులకు ఆయన గురించి మొదట చెప్పాల్సింది ఇదే.

ఇనుము, మోటారు మాటలకు సవరణ ప్రచురించగలరు.

— కొందరు పాశ్చాత్య తాళవాద్య ఉపాధ్యాయులు, విశాఖపట్నం