సిద్ధాంతం వంతెన దగ్గర మా బండి ఆపిన పోలీసు గారికి

మొన్న మంగళవారం పొద్దున్నే నాన్నని బండి మీద రావులపాలెం నుంచి తణుకు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, వంతెన దిగాక మీరు చెయ్యెత్తి ఆపారు. పర్సు ఇంట్లో మరిచిపోయాను. టెన్షన్‌లో ముందు గొంతు పెంచింది నేనే, క్షమించండి. మీరు మాత్రం 'అండీ' అనడం మానలేదు, తాళం లాక్కోలేదు. నాన్నని చెట్టు నీడలో కూర్చోబెట్టి మీ సీసాలో నీళ్లిచ్చారు. ఆయన చేతులు వణుకుతున్నాయని మూత కూడా మీరే తిప్పి తీశారు.

ఆ తర్వాత ఫోన్‌లో డిజీలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో లైసెన్సు, ఆర్‌సీ చూపిస్తే చాలన్నారు. 2018లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మార్చినప్పటి నుంచి ఫోన్‌లో చూపించినా చెల్లుతాయట. ఇన్నేళ్లుగా బండి నడుపుతున్నా నాకు తెలియదు. ఎలా తెరవాలో పక్కనే నిలబడి ఓపిగ్గా చూపించారు.

నాన్నకి హెల్మెట్ లేనందుకు చలానా రాశారు. న్యాయమే, వెనక కూర్చున్నవాళ్లకీ అది తప్పనిసరి. డబ్బు చేత్తో తీసుకోకుండా ఆన్‌లైన్‌లో కట్టమన్నారు. "నెమ్మదిగా వెళ్లండి బాబాయ్" అని నాన్న భుజం తట్టారు.

ఆ సాయంత్రమే హెల్మెట్ కొన్నాం. కంగారులో మీ పేరు అడగలేదు. మా ఇద్దరి నమస్కారాలు అందుకోండి.