సైట్ జనంలోకి వదిలేముందు మామూలు మనుషుల చేతికి ఇచ్చి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను ఆరేళ్ళుగా యూజబిలిటీ టెస్టింగ్ పని చేస్తున్నా. అంటే ఒక వెబ్‌సైట్ జనంలోకి వెళ్ళకముందే దాన్ని వాడబోయే మనుషులకి ఇచ్చి, వీడియో కాల్‌లో వాళ్ళ స్క్రీన్ చూస్తూ, ఎక్కడ ఆగిపోతున్నారో ఎక్కడ తప్పు నొక్కుతున్నారో రాసుకోవడం. వాళ్ళొక ఊళ్ళో నేనొక ఊళ్ళో ఉంటాం కాబట్టి రిమోట్ టెస్ట్ అంటారు. ఇన్నేళ్ళూ చేసిందంతా బయటి దేశాల కంపెనీలకే, బట్టలమ్మే సైట్లు, హోటల్ బుకింగులు ఇలాంటివి. ఒక బటన్ చోటు మారిస్తే జనం తికమకపడతారేమో అని వాళ్ళు వారాల తరబడి టెస్ట్ చేయిస్తారు. మనవాళ్ళు పింఛను కోసం, సర్టిఫికెట్ కోసం వాడాల్సిన సైట్లు మాత్రం ఏ మామూలు మనిషి చేతికీ ఇచ్చి చూడకుండానే బయటికొస్తున్నట్టు అనిపిస్తోంది, ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నా.

పోయిన నెల మా పిన్ని ఒక పథకానికి ఆన్‌లైన్‌లో అప్లై చేయాల్సొచ్చింది. సూర్యాపేట దగ్గర పల్లెటూరు, వయసు 60 దాటింది, వాట్సాప్, యూట్యూబ్ బాగానే వాడుతుంది. ప్రతిసారీ నేనే చేసిపెట్టేదాన్ని, ఈసారి మాత్రం వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ పెట్టించి "పిన్నీ, నేను లేననుకొని నువ్వే చెయ్యి, మనసులో ఏమనుకుంటే అది పైకి చెప్పు" అని చెప్పి కూర్చున్నా.

మొదటి గడి ఫస్ట్ నేమ్, రెండోది లాస్ట్ నేమ్. మనకి ఇంటిపేరు ముందొస్తుంది కదా, పిన్ని ఆధార్‌లో ఉన్నట్టే మొత్తం పేరు మొదటి గడిలోనే కొట్టింది, రెండోది ఖాళీగా ఉంటే సైట్ ఒప్పుకోలేదు, సరే అని ఇంటిపేరు తీసి రెండో గడిలో పెడితే ఈసారి ఆధార్‌తో పేరు సరిపోలలేదు అంది. తర్వాత పుట్టిన తేదీ. టైప్ చేయనివ్వదు, క్యాలెండర్ తెరుచుకుంటుంది, ఈ నెల నుంచి ఒక్కో నెలా వెనక్కి బాణం నొక్కుకుంటూ పోవాలి. పిన్ని పుట్టింది 1961లో, లెక్కేస్తే 700 సార్లకి పైనే నొక్కాలి. పైనున్న సంవత్సరం అంకె మీద నొక్కితే సంవత్సరాల లిస్టు వస్తుంది, కానీ అది నొక్కొచ్చని తెలిసేలా అక్కడ ఏమీ లేదు. పిన్ని 2009 దాకా వచ్చి వేలు నొప్పెడుతోందని ఆపేసింది. ఇంకో చోట ఎర్ర అక్షరాల్లో "చెల్లుబాటు అయ్యే విలువను నమోదు చేయండి" అని వచ్చింది. పిన్ని ఫోన్ దగ్గరికి తీసుకుని రెండుసార్లు చదివి "విలువ అంటే ఎంతమ్మా, డబ్బులేమన్నా కట్టాల్నా?" అని అడిగింది. సెల్ నంబర్లో ఒక అంకె తగ్గింది, అంతే. "పది అంకెలు ఉండాలి" అని రాసుంటే ఆ భయం ఉండేది కాదు. చివరికి ఓటీపీ చూసుకోడానికి మెసేజ్‌లలోకి వెళ్ళొచ్చేసరికి పేజీ మళ్ళీ మొదటికొచ్చింది, నింపినవన్నీ పోయాయి.

మొత్తం 45 నిమిషాలు. మర్నాడు నెట్ సెంటర్‌కి పోయి 100 రూపాయలిచ్చి చేయించుకుంది, ఆధార్ నంబరూ, ఓటీపీ అన్నీ ఆ అబ్బాయికి చెప్పేసింది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఒకపక్క మనమే చెప్తాం, చెప్పకపోతే పని జరగని సైటు ఇంకోపక్క పెడతాం.

వీటిలో ఒక్కటి కూడా కోడ్ తప్పు కాదు, ఇంజినీర్ తన సొంత ఫోన్‌లో చూసుకుంటే అన్నీ బాగానే పనిచేస్తాయి. కానీ పిన్ని చేస్తుంటే ముప్పావుగంట చూస్తూ కూర్చుంటే అన్నీ బయటపడ్డాయి. ఐదుగురితో టెస్ట్ చేస్తే దాదాపు 85 శాతం సమస్యలు దొరుకుతాయని యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు, వాడేవాళ్ళు వేరువేరు రకాలైతే ఒక్కో రకం నుంచి కొందరిని తీసుకోవాలని కూడా చెప్పాడు. రైతులు, పెద్దవాళ్ళు, స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని ఫోన్ వాడే చూపులేనివాళ్ళు, ఇలా కలిపినా పదిహేను మంది అవుతారు. ఒక్కొక్కరికీ ఒక గంట, ఆ గంటకి కూలి ఇవ్వాలి, డేటా ప్యాక్ వేయించాలి, అంతకుమించి పెద్ద ఖర్చేం లేదు.

అయితే చేసే పద్ధతిలో చేయాలి. లింక్ పంపి "మీరే చేసి రికార్డింగ్ పంపండి" అనే టెస్టులు కూడా ఉన్నాయి, అవి మన పెద్దవాళ్ళకి పనికిరావు, ఇరుక్కుంటే గమ్మున మూసేస్తారు, ఎందుకు మూశారో మనకి తెలీదు. తెలుగులో మాట్లాడే మనిషి లైన్‌లో ఉండాలి, ఉండి కూడా సాయం చేయకూడదు. అవతలివాళ్ళు అవస్థ పడుతుంటే నోరు మూసుకుని కూర్చోవడం చాలా కష్టం, "ఆ నీలం బటన్ నొక్కండి" అని ఒక్కసారి అన్నామా, ఆ టెస్ట్ చెడిపోయినట్టే. మీసేవ ఆపరేటర్లతో చేయించి సరిపెట్టకూడదు, వాళ్ళ చేతులు ఇప్పటికే అలవాటు పడిపోయాయి. ఇంకోటి, స్క్రీన్ కనబడుతుంది కాబట్టి నిజమైన ఆధార్ నంబర్ అసలే వాడకూడదు, ఉత్తుత్తి నంబర్లు పనిచేసే కాపీ సైట్ ఒకటి ఇవ్వాలి, రికార్డ్ చేస్తున్నామని ముందే చెప్పి ఒప్పుకుంటేనే చేయాలి.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే కేంద్రం మార్గదర్శకాలు 2009 నుంచి ఉన్నాయి, మూడో వెర్షన్ 2023లో వచ్చింది. ఈ-కేవైసీ, అంటే ఆన్‌లైన్‌లో మన గుర్తింపు సరిచూసే పద్ధతి, దాని మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పులో డిజిటల్ సేవలు అందుకోవడం కూడా జీవించే హక్కులో భాగమే అని చెప్పింది, సైట్లు టెస్ట్ చేసేటప్పుడు చూపులేనివాళ్ళని కూడా కలుపుకోవచ్చని ఆదేశాల్లో రాసింది. చెక్‌లిస్ట్ చూసి టిక్కులు పెట్టడం వేరు, మనిషి పక్కన కూర్చుని చూడడం వేరు, మన దగ్గర జరగనిది ఈ రెండోదే.

నేను అడిగేది ఒక్కటే. రెండు రాష్ట్రాల్లోనూ జనం కోసం సైట్ గానీ యాప్ గానీ చేయించే టెండర్‌లోనే ఈ టెస్టులు రాయాలి, ఏం దొరికింది ఏం సరిచేశారు అనేది అదే సైట్‌లో తెలుగులో పెట్టాలి, అప్పటిదాకా కాంట్రాక్టర్‌కి చివరి బిల్లు ఇవ్వకూడదు. ఏ శాఖవాళ్ళైనా ముందుకొస్తే శని ఆదివారాలు నేను కూర్చుంటా, నాకు డబ్బులేం వద్దు, మా పిన్ని లాంటివాళ్ళని ఐదుగురిని నేనే వెతికి పెడతా.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఖమ్మం