చీనీ ధరల నెట్‌వర్క్: రిలేనా, ఫెడరేషనా, ఫోను నుంచి ఫోనుకా?

సంపాదకులకు,

అయ్యా,

వాట్సాప్ గ్రూపు 1,024 మందితో నిండిపోతుంది. రెండోది, మూడోది పెడితే అనంతపురం మార్కెట్ యార్డులో పలికిన చీనీ (బత్తాయి) టన్ను ధర నార్పల, పుట్లూరు మండలాలు చేరేలోపు అంకె మారినా అడిగే దిక్కుండదు. అందుకే ఏ కంపెనీ చేతిలోనూ లేని సొంత నెట్‌వర్క్ పెట్టుకోవాలన్న రైతుల ఆలోచన మంచిదే. కాకపోతే వికేంద్రీకృతం అని మనం కలిపి చెప్పేసేవి మూడు వేర్వేరు పద్ధతులు. ఒక్కొక్కటి ఒక్కోచోట తెగుతుంది.

ఫోను నుంచి ఫోనుకు నేరుగా పోయే పద్ధతికి సర్వర్ ఖర్చు లేదు కాబట్టి అందరి కన్నూ ముందు దానిమీదే పడుతుంది. చిక్కు ఎక్కడంటే, మొబైల్ డేటాలో చాలా ఫోన్లకు ఇంటర్నెట్‌లో బయటివాళ్లకు కనబడే సొంత చిరునామా (పబ్లిక్ ఐపీవీ4) ఉండదు. వందలమంది ఒకే చిరునామా వెనక ఉంటారు. ఇంటి రౌటర్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చిన చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అదే పరిస్థితి. బయటివాళ్లు నేరుగా తలుపు తట్టలేరు. కొత్త తరహా చిరునామా ఐపీవీ6 ఉన్నా లోపలికి వచ్చే కనెక్షన్లను ఫైర్‌వాల్ అనే కాపలా తరచూ ఆపేస్తుంది. అప్పుడు మధ్యలో ఇద్దరి డేటానూ అటూ ఇటూ చేరవేసే టర్న్ సర్వర్ పెట్టక తప్పదు, వద్దనుకున్న సర్వర్ దొడ్డిదారిన రానే వచ్చింది. పైగా పంపేవారూ అందుకునేవారూ ఒకే సమయంలో ఆన్‌లైన్‌లో ఉండాలి. బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడ్ ఆ యాప్‌ను నిద్రపుచ్చుతుంది. బ్రయర్ లాంటి యాప్ బ్లూటూత్ మీద కూడా నడుస్తుంది కాబట్టి సిగ్నల్ పడిపోయిన యార్డులో పక్కపక్కవాళ్లకు పనికొస్తుంది. మండలాలు దాటించడానికి దాన్ని నమ్ముకోలేం.

ఫెడరేషన్ మనకు కొత్తేమీ కాదు, ఈమెయిల్ అదే. 2016లో వచ్చిన మాస్టడాన్ అనే సోషల్ నెట్‌వర్క్, 2018లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణమైన యాక్టివిటీపబ్ (సర్వర్లు మాట్లాడుకునే పద్ధతి) ఆ దారివే. మండలానికో సర్వర్, సర్వర్లు తమలో తాము మాట్లాడుకుంటాయి. పాస్‌వర్డ్ మరిస్తే అడ్మిన్ మార్చి ఇస్తాడు; మన ఊళ్లలో ఇది చిన్న సౌకర్యం కాదు. అయితే పెట్టిన డొమైన్ పేరును తర్వాత మార్చడం కుదరదు. ఇతర సర్వర్ల ఫొటోల నకళ్లు పేరుకుని డిస్క్ నిండితే డేటాబేస్ రాయడం ఆపేస్తుంది, కాబట్టి వారానికోసారి వాటిని తుడిచే ఆదేశం క్రాన్‌లో (వేళకు తనంతట తానే నడిచే పనుల జాబితాలో) ఉండాలి. డేటాబేస్‌తో పాటు రహస్య తాళాలున్న సెట్టింగుల ఫైలునూ బ్యాకప్ తీయాలి, రెండోది చాలామంది వదిలేస్తారు. ఖాతాను వేరే సర్వర్‌కు మారిస్తే అనుచరులు వస్తారు, పాత పోస్టులు రావు. అదీ పాత సర్వర్ బతికుండగానే. ‘ప్రైవేట్’ సందేశాలు అడ్మిన్ చదవగలడన్నదీ ముందే అందరికీ చెప్పాలి.

ధరల ప్రకటనకు నా ఓటు రిలే పద్ధతికే, అంటే నాస్టర్ అనే వ్యవస్థ తరహా. రిలే అంటే ప్రకటనలు అందుకుని, అడిగినవారికి అందించే సర్వర్. ఇందులో ఖాతా అంటే ఒక తాళాల జత: సంతకం చేసే రహస్య తాళం, ఆ సంతకాన్ని సరిచూసే బహిరంగ తాళం. ఫోను ప్రతి ప్రకటన మీదా సంతకం చేసి మూడు నాలుగు రిలేలకు విడివిడిగా పంపుతుంది. రిలేలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. టన్ను ధరలో ఒక్క అంకె మార్చినా సంతకం సరిపోదు, యాప్ దాన్ని పక్కన పడేస్తుంది. అంటే రిలే నడిపేవారు ధరను దాచగలరు గానీ మార్చలేరు. ఒకరు దాచినా మిగతా రిలేలున్నాయి.

లోపాలూ ఇక్కడే ఉన్నాయి. రాసేవారికీ చదివేవారికీ ఒక్క రిలే అయినా ఉమ్మడిగా లేకపోతే ప్రకటన కనబడదు. ‘మాకు రాలేదు’ అని ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఇదే. సమయం రాసేవారి యాప్ వేసేది కాబట్టి, సంతకం అసలైనదే అయినా తేదీ తప్పు కావచ్చు. వేలం తేదీని ప్రకటన లోపలే రాయాలి. తప్పు ధర పడితే తొలగించమని కోరగలం, ప్రతి రిలే వింటుందన్న హామీ లేదు. సవరణ ప్రకటన వెంటనే వేయడమే మందు. రాసే అనుమతి ఐదారు తాళాలకే ఇచ్చి చదవడం అందరికీ వదలాలి, లేదంటే లోన్ యాప్‌ల ప్రకటనలతో రిలే నిండుతుంది. ముఖ్యంగా, ఒకే రహస్య తాళాన్ని నలుగురు పంచుకోకూడదు. ఒకరు తప్పుకున్నా ఆ తాళాన్ని రద్దు చేసే మార్గం లేదు, పోగొట్టుకుంటే తిరిగిచ్చే అధికారీ లేడు. మనిషికో తాళం, కాగితం మీద రాసిన నకలు ఇంకోచోట.

రైతుల అంతర్గత చర్చలకు మాత్రం చిన్న ఫెడరేషన్ సర్వరే మేలు. ఏదైనా సరే, జనాన్ని చేర్చకముందే ఒక వేలం రోజున ఒక రిలేను కావాలనే ఆపి పుట్లూరులో ధర కనబడుతుందో లేదో చూడాలి. సర్వర్ బ్యాకప్‌ను ఖాళీ కంప్యూటర్‌లో ఎక్కించి లాగిన్ అవుతుందేమో చూడాలి.

— ఒక నెట్‌వర్క్ ఇంజినీరు,
అనంతపురం