గనుల శాఖ మంత్రి గారికి: పంగిడి వైపు ఒక పాత క్వారీ గుహ గురించి

గౌరవనీయులైన మంత్రి గారికి,

కొవ్వూరు నుంచి ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

పోయిన వేసవిలో మా మనవడూ వాడి స్నేహితులూ పంగిడి వైపు వదిలేసిన ఒక క్వారీలోకి దిగారని తెలిసి, వెతుక్కుంటూ నేనూ దిగాను. వాళ్లు దాన్ని ‘గుహ’ అన్నారు. ఎక్కడ గునపం దించినా ఒండ్రు మట్టి తగిలే డెల్టా వాళ్లం, మనకు గుహేమిటి అనుకున్నాను. తీరా చూస్తే గుహే. పైన నల్లరాయి, అడుగున నల్లరాయి, మధ్యలో సున్నపురాయిని ఎప్పుడో తవ్వుకుపోయిన బొరియ. టార్చి వేస్తే దాని వెనక ఒక నెర్రె ఇంకా లోతుకు దిగుతోంది. ముందు భాగం గునపం చేసింది, వెనక భాగం నీరు చేసింది. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని పలచటి ఆమ్లంగా మారి సున్నపురాయిని కరిగిస్తుంది. బెలూంలో 3,229 మీటర్ల గుహను తొలిచింది అలాంటి నీరే. ఇక్కడ మనిషి దానికి ద్వారం తెరిచిపెట్టి వెళ్లిపోయాడు.

గోడ నిండా ఆల్చిప్పలు. ‘తాతయ్యా, గుల్ల సున్నం చేసేది వీటితోనేనా?’ అన్నాడు మనవడు. అవి అంతకన్నా చాలా పాతవి అని చెప్పాను. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ లావా, ఇప్పుడు మన గోదారి వచ్చినట్టే, పడమటి నుంచి వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందంటారు. ఒక పొర చల్లారి నల్లరాయి అయ్యాక దాని మీదికి ఉప్పునీరు వచ్చింది, ఆల్చిప్పలు పెరిగాయి, తర్వాత మరో లావా వచ్చి కప్పేసింది. ఆ రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్నదే ఈ సున్నపురాయి. డైనోసార్లు అంతరించిన కాలానికీ ఈ లావాకీ ఉన్న సంబంధం మీద భూవిజ్ఞాన శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం 2008లో అచ్చువేసిన పరిశోధనకు ఆధారం రాజమండ్రి చుట్టుపక్కల క్వారీల గోడలే. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఆ సంగతి రిటైరయ్యాకే తెలిసింది, అది వేరే మాట.

ఇక భయం సంగతి. కప్పుగా ఉన్న నల్లరాయి నిలువునా పగుళ్లిచ్చింది. పక్క క్వారీలో పేలుడు పెడితే పైనుంచి చిప్పలు రాలుతున్నాయి. వానలకు కింద నీళ్లు నిలుస్తాయి. పాడుబడ్డ బావిలోకి దిగే ముందు మన పెద్దలు దీపం దించి చూసేవారు కదా, ఆ నెర్రెలో గాలి కూడా అలా ఊపిరాడనిదే కావచ్చు. పిల్లలు ఫోన్ వెలుతురుతో వెళ్లారు.

ఒక ఆఫీసుకి వెళ్తే భూమి మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో ఫైలు పాత జిల్లాలోనే ఉండిపోయిందన్నారు. 2022లో జిల్లాలు విడదీశాక గోదారికి పడమటి గట్టున ఉన్న మేం తూర్పు గోదావరి వాళ్లమయ్యాం లెండి, ఫైలుకు దారి తెలియకపోవడంలో వింతేముంది!

సిమెంటుకు వెళ్లే సున్నపురాయి గనులకైతే 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం మూసివేత ప్లాను ఉండాలి. సున్నపు బట్టీలకు వెళ్లే రాయి 2025 దాకా చిన్న తరహా ఖనిజమే, కంకర రాయి ఇప్పటికీ అంతే, అంటే రాష్ట్ర మంత్రిగా మీ చేతిలో పని. చెత్త పోసి ఆ గుహను పూడ్చకండి. రంగు లైట్లు పెట్టి టికెట్లూ అమ్మకండి, ఆ కప్పు అంత జనాన్ని భరించదు. గుహ నోటికి ఒక ఇనుప గ్రిల్, తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. బయట క్వారీ గోడలో ఆల్చిప్పల పొర కనిపించేచోట నాలుగు గజాలు తవ్వకుండా పిల్లల కోసం ఉంచండి. విశాఖ ఎర్రమట్టి దిబ్బల్ని భూవారసత్వంగా గుర్తించినట్టు దీన్నీ పరిశీలించమని జియలాజికల్ సర్వేకి ఒక ఉత్తరం రాయండి.

జూన్‌లో వానలు పడేలోగా గ్రిల్ పని మాత్రం అయిపోవాలి. మీ శాఖ నుంచి ఎవరైనా చూడడానికి వస్తామంటే దారి చూపిస్తాను. మోకాళ్ల నొప్పి ఉంది, కాస్త నెమ్మదిగా దిగుతాను, అంతే.

ఇట్లు,
కొవ్వూరు మాస్టారు