పసిపిల్లల మందు సీసాలపై గాఢత పెద్ద అక్షరాలలో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

పళ్లు వచ్చే వయసు పిల్లలకు వాడే నొప్పి మందులు ఎలాంటి సీసాలలో, ఎలాంటి లేబుళ్లతో ఇళ్లకు చేరుతున్నాయో అందరూ ఆలోచించవలసిన విషయమని ఈ ఉత్తరం రాస్తున్నాను. మా మనవరాలికి ఏడో నెలలో కింది ముందుపళ్లు రెండూ ఒకేసారి రావడం మొదలైంది. ఒక రాత్రి పిల్ల ఎంత ఎత్తుకు తిప్పినా ఊరుకోకపోవడంతో, మా కోడలు పారాసిటమాల్ సీసా తీసి చెంచాలో అయిదు మిల్లీలీటర్లు పోసింది. పిల్ల నోటి దాకా తెచ్చాక ఎందుకో అనుమానం వచ్చి సీసాను దీపం కింద పెట్టి చూస్తే, అది సిరప్ కాదు, డ్రాప్స్. రెండింటికీ ఒకే పేరు, ఒకే రంగు అట్టపెట్టె, ఒకే పండు బొమ్మ. తేడా చెప్పే అంకె మాత్రం చీమ తలకాయంత.

ఆ అంకెలోనే అసలు సంగతంతా ఉంది. మా ఇంట్లో ఉన్న సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందు ఉంటే, డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంది. పారాసిటమాల్‌ను పిల్లల బరువునుబట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు కనుక, 8 కిలోల మా పిల్లకు ఒక విడతకు 120 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ రాత్రి చెంచాలో ఉన్నది 500 మిల్లీగ్రాములు, అంటే పెద్దవాళ్లు వేసుకునే మాత్రలో ఉన్నంత. ఒకసారి పొరపాటుగా పడితే గండం గడవవచ్చు గానీ, నొప్పి తగ్గలేదని అదే చెంచాతో రోజుకు నాలుగు విడతలు పోస్తే పసిదాని కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. జలుబు మందులలోనూ పారాసిటమాల్ కలిసి ఉండవచ్చు కాబట్టి, రెండూ కలిపి ఇచ్చేవారికి ఈ లెక్క ఇంకా తప్పుతుంది.

తల్లులు చూసుకుని పోయాలి కదా అని కొందరు అంటారు. మూడు రాత్రులు నిద్రలేని మనిషి చిన్న అక్షరాలు చదవలేదని తెలిసీ అలా అనడం న్యాయం కాదు. అమెరికాలో ఇలాంటి పొరపాట్లే జరుగుతుండగా, 2011లో తయారీదారులు గాఢమైన డ్రాప్స్‌ను మానుకుని, శిశువులకూ పెద్దపిల్లలకూ ఒకే గాఢత ఉండే ద్రవానికి మారారు. అంత మార్పు వెంటనే కుదరకపోతే, కనీసం మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో సీసా ముందువైపు పెద్దగా ముద్రించాలి. డ్రాప్స్ పెట్టెకు వేరే రంగు ఉండాలి. గీతలున్న సిరంజిని సీసాతోపాటే ఇవ్వాలి. వంటింటి చెంచాలు ఏ రెండూ ఒక్క కొలతవి కావు. మోతాదు పట్టిక వయసునుబట్టి కాక బరువునుబట్టి ఉంటే మరీ మంచిది.

చిగుళ్లకు రాసే తిమ్మిరి జెల్ గురించి కూడా చెప్పాలి. బెంజోకైన్ ఉన్న జెల్‌లను రెండేళ్లలోపు పిల్లలకు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో స్పష్టంగా హెచ్చరించింది. అది అరుదుగానైనా రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని దెబ్బతీస్తుంది. అప్పుడు పెదవులు, గోళ్లు నీలం తిరుగుతాయి, ప్రాణం మీదికీ రావచ్చు. పైగా కారే చొంగతో జెల్ కాసేపట్లోనే కొట్టుకుపోతుంది గనుక, ఆ సాహసానికి దక్కే ఫలితం కూడా లేదు. అలాంటిదాన్ని పసిపిల్లలకని ఎవరు అడిగినా, ఒక్క ప్రశ్న వేయకుండా అమ్మడాన్ని నేను అర్థం చేసుకోలేకపోతున్నాను.

చాలామంది పిల్లలకు నిజానికి మందే అక్కరలేదు. ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచిన, గడ్డకట్టని రబ్బరు రింగు కొరకనిచ్చినా, శుభ్రంగా కడుక్కున్న వేలితో చిగురు మెల్లగా రుద్దినా ఊరట దొరుకుతుంది. 38 డిగ్రీల సెల్సియస్, ఆపైన జ్వరం ఉంటే మాత్రం అది పళ్ల వల్లేనని సరిపెట్టుకోకుండా వైద్యుడికి చూపించాలి. మూడు నెలలలోపు శిశువుకు ఏ నొప్పి మందైనా వైద్యుడిని అడగకుండా పోయకూడదు.

ఆ రాత్రి తర్వాత మా కోడలు డ్రాప్స్ సీసా మెడకు ఎర్రదారం కట్టి, దాని మీద అంటించిన కాగితంపై గాఢతను తన చేతితో రాసింది. ఆ పని తయారీదారు చేసి పంపవలసింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు